గుడ్డ జాడించిన నీళ్లు

లచ్చి దానిమ్మకాయను అడ్డంగా కోసి, బోర్లించి, గరిటె వెనక్కి తిప్పి కొట్టింది. గింజలు టపటపా గిన్నెలో రాలాయి. ఇరవై ఏళ్లుగా ఒలిచి ఒలిచి ఆమె గోళ్లు తొక్క మరకలతో నల్లబడ్డాయి. గింజలను పలచని గుడ్డలో మూటగట్టి పిండితే రసం స్టీలు క్యానులోకి కారింది. పక్కనున్న శిబిరంలో సాయంత్రం దీక్ష విరమించేవాళ్లకు ఆ రసం రోజూ ఆమే ఊరికే ఇస్తుంది. క్యాను మూతపెట్టి, ఆ గుడ్డను చెంబెడు నీళ్లలో జాడించి, రంగు తేలిన నీళ్లను గటగటా తాగింది. అదే ఆమె మందు.

జనగామ బస్టాండు ముందు ఎన్ని వేల గ్లాసులు నింపిందో! తను మాత్రం ఒక్క నిండు గ్లాసు నోట పెట్టుకోలేదు మహాతల్లి. అమ్మే చేతికి తాగే అలవాటు లేదు.

గుండె జబ్బని చెప్పి వరంగల్ డాక్టరు గోలీలు రాశాడు. రోజూ తిన్నాక వేసుకొమ్మన్నాడు. వేసుకుంటూనే ఉంది. పదిహేను రోజుల కింద, తెలంగాణ కోసం సమ్మె శిబిరం నడిపే సారయ్య సారు పేపరు చదివి వినిపించాడు. దానిమ్మ రసంలో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయట, గుండెకు మంచిదట.

"అయితే నా గోలీలు బందు పెట్టాల్నా సారూ?" అని అడిగింది లచ్చి.

"దుకాణంల అమృతం పెట్టుకోని గోలీలేందే లచ్చీ!" అన్నాడాయన. శిబిరమంతా ఘొల్లున నవ్వింది.

చదువుకున్నవాడికి అది పరాచికం. ఆమెకు డాక్టరు మాట. రసం తాగినా గోలీ మానొద్దని ఒక్క ముక్క చెప్పడానికి ఆ నోటికేం రోగం? ఆ రోజు నుంచి, కొత్తగా తెచ్చుకున్న గోలీల అట్ట కొంగు ముడిలోనే ఉండిపోయింది.

ఇవాళ రిలే దీక్షలో లచ్చి వాళ్ల తండా ఆడవాళ్ల వంతు. పదింటికి లచ్చి కూడా వాళ్లతో టెంటు కింద కూర్చుంది. పెద్దమనిషి చేతి రసం తాగాకే లేవాలన్నది శిబిరం ఆనవాయితీ. ఐదింటికి నాయకుడొచ్చి, తన చేత్తో ఒక్కొక్కరికి నిండు గ్లాసు ఇస్తాడు. పొద్దున్నుంచీ లచ్చి మనసు ఆ గ్లాసు మీదే ఉంది.

మూడింటికి ఎడమ రెక్క గుంజింది. ఒళ్లంతా చెమట పట్టింది. పక్క బండి మీద అరటిపండ్లు అమ్మే రాజీ అది చూసి పరుగున వచ్చింది.

"లే అక్కా, దవాఖానకు పోదాం. ఆటో పిలుస్త."

"రసం ఇయ్యకముందే లేస్తే దీక్ష ఇరిగినట్టేనే. తండ పేరు పోతది."

"పానం పోతే?"

"జరసేపే కదనే. రసం తాగితే అదే సర్దుకుంటది."

రాజీ సారయ్య దగ్గరికి ఉరికింది. "సారూ, అక్కకు పానం బాగలేదు. మీరే ఇంత రసం పోసి లేపరాదుండ్రి."

"నాయకుడు తొవ్వల ఉన్నడు. జర ఓపిక పట్టుమను."

ఐదైంది. ఆరైంది. క్యాను నిండా రసం, దాని పక్కనే ఎండిన నోళ్లు! సిగ్గుండాలి. ఆరున్నరకు నాయకుడు కారు దిగాడు. ఫొటో తీసేవాడు ఇంకా రాలేదని మరో పావుగంట నిలబడ్డాడు. ఆ తర్వాత వరసగా గ్లాసులు ఇస్తూ వచ్చాడు. లచ్చి చివరన గుంజకు ఆనుకొని, కళ్లు మూసుకొని ఉంది.

"తాగమ్మా," అంటూ గ్లాసు ఆమె పెదవులకు ఆనించాడు. ఫొటో తీశారు. రసం గదవ మీదుగా రవికె మీదికి కారింది. రాజీ భుజం పట్టి ఊపితే లచ్చి పక్కకు ఒరిగింది.

నాయకుడు గ్లాసును మైకు బల్ల మీద పెట్టి గబగబా కారెక్కాడు.

చేతులకు, పాదాలకు చమురు రాస్తూ ఏడుస్తున్న ఆడవాళ్ల మధ్య రాజీ ఆమె కొంగు ముడి విప్పింది. గోలీల అట్ట బయటపడింది. ఒక్కటీ చింపి లేదు.

"ఇయ్యెందుకు ఏసుకోలే?" అన్నాడు సారయ్య.

"మీరే కద సారూ వద్దన్నది," అంది రాజీ.

చీకటి పడ్డాక లచ్చి శవాన్ని ఆటోలో తండాకు తీసుకుపోయారు. టెంటు విప్పారు, కుర్చీలు మోశారు. మైకు బల్ల మీద ఆ గ్లాసును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, అందులో ఒక్క గుటక మాత్రమే తక్కువ.