దొరగారి నీలం కోటు

మా లడ్‌బ్రూక్ దొరగారి బొమ్మ పూర్తయింది. రంగు సుద్దలతో కాగితం మీద గీసింది. బిగించాల్సిన అద్దం ఇంకా పట్నం నుంచి రాలేదు. హాల్లో బల్ల మీద నిలబెట్టి ఉంచారు.

హాల్లో దొరగారి తాతల బొమ్మలన్నీ నూనె రంగులవి. ప్రతి శనివారం వాటిని బాతు రెక్కతో దులపడం నా పని. ఇవాళ దీన్నీ దులిపాను. ఒక్క విసురుకే కోటు భుజం నీలంపొడిగా రాలిపోయింది.

కిందటేడు గిన్నె పగలగొట్టిన పిల్లను ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు. మా ఇంట్లో నా పడక ఇప్పుడు చెల్లెళ్ళది.

బొమ్మ గీసిన చిత్రకారుడి పేరు గారో. మేడ మీద సుద్దలు సర్దుకుంటున్నాడు. మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతాడు. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. గుమ్మంలో నిలబడి నీలమంటిన రెక్క చూపించాను.

ఆయన కిందికి వచ్చి చూశాడు. "ఊదితే ఎగిరిపోయేదాన్ని దులిపావా తల్లీ! దొరగారేరి?"

"గొర్రెల దగ్గరికి వెళ్ళారండి."

"ఆయన బొమ్మకి వేసుకున్న కోటుందిగా? తొడుక్కుని కూర్చో, భుజం మళ్ళీ గీస్తాను. మనిషి ఒంటి మీదుంటేనే మడతలు తెలుస్తాయి."

కోటు నా మోకాళ్ళు దాటింది. పొగాకు వాసన, కుక్క వాసన. సగం భుజం వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. బురద బూట్లతో దొరగారు. వెనకే ఇంటి పెత్తనం చూసే టాప్లిస్ అమ్మగారు.

"టాబిథా! దొరగారి కోటా? మూట సర్దుకో!"

లేవబోయాను.

"కదలకు!" అన్నాడు గారో.

"నేనే చెరిపేశానండి దొరగారూ, దుమ్ము దులుపుతూ. ఆయన తప్పేం లేదండి." దొరగారితో నేనెప్పుడూ అన్ని మాటలు మాట్లాడలేదు.

దొరగారు బొమ్మను చూశారు. నన్ను చూశారు.

"గారో, నా భుజం అలా వంగి ఉంటుందా?"

"ఉండదండి."

"మరి ఈ పిల్ల ముడుచుకుని కూర్చుంటే ఎలా గీస్తున్నావయ్యా? ఏయ్ అమ్మాయ్, ఐదొందల ఎకరాలున్నవాడిలా కూర్చో!" తర్వాత వెనక్కి తిరిగారు. "టాప్లిస్, ఈ పూట వెండి సామాను ఇంకెవరిచేతైనా తోమించు. సోమవారం ఈ పిల్ల మామూలుగానే పనిలోకి వస్తుంది. నన్ను మాత్రం దులపొద్దని చెప్పు."

నేను వెన్ను నిటారుగా నిలిపాను.

"ఇంకాస్త," అన్నాడు గారో, కొత్త సుద్ద తీసుకుంటూ.