పద్నాలుగో పక్కటెముక

ఎలుకకి పక్కటెముకలు పదమూడు జతలు. తన ఇంటి మెట్లెన్నో తెలిసినంత బాగా ఆ సంగతి లెక్కలమ్మకి తెలుసు. పందొమ్మిదేళ్లుగా ఆ పరిశోధనశాలలో ఎలుకల గది చూసుకునేది ఆవిడే, అప్పుడే పుట్టిన పిల్లల అస్థిపంజరాలకి రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టేదీ ఆవిడే. ముదిరిన ఎముక ఎర్రగా, ముదరనిది నీలంగా తేలుతుంది. ఆవిడ చదువు అంతంత మాత్రం. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, "నీ ప్రాణుల్ని చంపుతున్నాను స్వామీ, అబద్ధం కోసం మాత్రం చంపనివ్వకు" అని రోజూ ఒక్క మాటే చెప్పుకుని పనిలోకి వచ్చేది.

ఈసారి లెక్క సొంత చెల్లెలి కూతురిది. అమ్మాయి ఆ పరిశోధనశాల నడిపే పెద్దాయన దగ్గర ఆరేళ్లుగా పరిశోధన చేస్తోంది. ఒంట్లో ఎక్కడ ఏం మొలవాలో చెప్పే జన్యువులు ఎలుకలో ఒక వరుసలో కూర్చుని ఉంటాయి. వరుసలో ముందున్నవి మెడవైపు, వెనకున్నవి తోకవైపు పనిచేస్తాయి. అమ్మాయి వాటిలో ఒకదాన్ని లేపి వేరే చోట కూర్చోబెట్టింది. చోటు మారింది కనుక అది నడుము దాకా దిగి పనిచేస్తుందనీ, అక్కడ పద్నాలుగో పక్కటెముక మొలుస్తుందనీ ఆమె వాదన.

నలభై ఆరు చిన్న సీసాలు వచ్చాయి. వాటి మీద అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఏది మార్చిన పిల్ల, ఏది మామూలు పిల్ల అన్న జాబితా కవరులో పెట్టి, అంటించి, పెద్దాయన సొరుగులో దాస్తారు. లెక్కపెట్టే కంటికి తెలియకూడదని ఆ ఏర్పాటు. లెక్కలమ్మ నాలుగు రోజులు కూర్చుని లెక్క ముగించింది. అమ్మాయి కవరు విప్పింది. మార్చిన ఇరవై నాలుగింటిలో పదిహేనింటికి పద్నాలుగో ఎముక ఉంది. మామూలు ఇరవై రెండింటిలో పదమూడింటికి ఉంది.

"పెద్దమ్మా, ఇవి నేను ముట్టుకోని పిల్లలు. వీటికెందుకుంటుంది?"

"ఎందుకో నన్నడిగితే ఎలాగమ్మా? ఉంది. చూడు."

అమ్మాయి చూసింది. ముఖంలో నెత్తురు లేదు.

"తల్లులు బెదిరాయే," అంది లెక్కలమ్మ. "పక్క గదిలో గొట్టాల కోసం గోడ తొలిచిన మూడు వారాలూ ఒక్కటీ సరిగ్గా గూడు కట్టలేదు. గిరగిరా తిరిగేవి. బెదిరిన తల్లుల పిల్లలకి నడుము దగ్గర ముక్క మొలవడం ఇంతకుముందూ చూశాను. ఆగమని అప్పుడే చెప్పాను నీకు."

"నేనాగితే నా గడువాగుతుందా?"

"ఎలుకల్ని మళ్లీ జతకట్టిద్దాం. ఇప్పుడు చప్పుడు లేదు. అయిదు నెలలు."

"నాకున్నది రెండు నెలలు."

అమ్మాయి మళ్లీ కన్ను ఆనించింది. ఈసారి జాబితా పక్కన పెట్టుకుంది.

"ముప్ఫై ఒకటో సీసాలోది పక్కటెముకేంటి? నలుసు."

"మరి పదిహేడులోది?"

"అది పక్కటెముక."

"రెండూ ఒకే పొడుగు కదే!"

"పదిహేడులో జీన్ మార్చాం కదా పెద్దమ్మా."

పిల్ల అబద్ధం ఆడుతున్నట్టు లేదు. నిజంగానే ఒకచోట ఎముక, ఒకచోట నలుసు కనిపిస్తున్నాయి దానికి. లెక్కలమ్మకి అసలు భయం అప్పుడు పుట్టింది.

కొత్త లెక్కలో మార్చినవి పదిహేనూ అలాగే ఉన్నాయి, మామూలువి మాత్రం రెండుకి దిగాయి. ఎముకలకి పట్టించే రంగులు కలిపే ఆయన విని నవ్వాడు. "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వింటాం. మన పెద్దాయన పట్టిన ఎలుకకి మాత్రం అన్నీ ఒకటెక్కువే."

పెద్దాయన గొంతు పెంచలేదు. "నలుసుల్ని లెక్కలో వేయకండమ్మా, అంతే. వయసులో కళ్లు చెదరడం మామూలే. తప్పేం లేదు." లెక్కలు రాసే పుస్తకంలో అమ్మాయి సంతకం కింద రెండో సంతకం మాత్రం లెక్కలమ్మదే కావాలి. అవతల ఇంకో పరిశోధనశాల ఇదే పని చేస్తోందట, వెనకబడకూడదట.

సాయంత్రం చెల్లెలు వచ్చింది. చెప్పులు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడింది.

"చచ్చిన ఎలుకల మీదున్న జాలి బతికున్న పిల్ల మీద లేదా అక్కా?"

"జాలి కాదే. లెక్క."

"నీ లెక్క తగలెయ్య! ఆరేళ్లు ఆ కంపులో పడుంది. వాళ్ల నాన్నకి ఆపరేషన్ అయిన రోజున కూడా ఎలుకలు ఈనుతున్నాయని రాలేదు. నిన్ను చూసే కదా అది ఆ చదువులోకి దిగింది? ఇప్పుడు నువ్వే దాని కాళ్లు విరగ్గొడతావా?"

చెల్లెలు వెళ్లాక భర్త నెమ్మదిగా అన్నాడు. "నీదేం పోయింది? నువ్వేం చూశావో దేవుడికి తెలుసు."

"దేవుడికి తెలిస్తే చాలనుకుంటే, ఆ పుస్తకం ఎందుకండీ మరి?"

రాత్రంతా ఆవిడకి చెల్లెలి మాటలే చెవిలో తిరిగాయి.

మర్నాడు సంతకం పెట్టింది. అమ్మాయి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. చెల్లెలు ఫోనులో, "నా తల్లివే నువ్వు" అంది. ఆ తర్వాత పొద్దున దణ్ణం పెట్టుకుంటూ రోజూ చెప్పే మాట దగ్గరకి వచ్చి, ఆగి, దాన్ని దాటేసింది. దేవుడేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

అమ్మాయికి పట్టా వచ్చింది, వ్యాసం అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో, "ఎన్నడూ పొరబడని మా పెద్దమ్మ కళ్లకు" అని వేసింది. ఏడాది తిరిగేసరికి అవతలి పరిశోధనశాల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. అదే జన్యువుని అలాగే మార్చారట, వందల పిల్లల్ని చూశారట, పద్నాలుగోది రావడం లేదట. "లెక్కపెట్టడంలో అనుభవం ఉండాలి" అని అమ్మాయి జవాబు రాసింది. ఆ వందల పిల్లలూ ఏ పాపానికి పోయాయో లెక్కలమ్మ ఎవరినీ అడగలేదు.

ఆ నెలలోనే కొత్త పరిశోధకురాలు చేరింది. ఇద్దరు బిడ్డల తల్లి, ఆలస్యంగా చదువుకి వచ్చిన మనిషి. ముప్ఫై సీసాలు తెచ్చి బల్ల మీద వరసగా పేర్చింది.

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"మూడు రోజులు." లెక్కలమ్మ మొదటి సీసా అందుకుంది. "నలుసులు వెయ్యమంటారా, వదిలెయ్యమంటారా?"

"అంటే?"

"చిన్న చిన్న ముక్కలుంటాయమ్మా. మీకేది కావాలో ముందే చెబితే..."

కొత్తావిడ తెల్లబోయింది. తనే ఏదో తప్పు చేసినట్టు, మెల్లగా అంది. "నేను చెప్పకూడదు కదండీ. చెప్పేదైతే ఇక మీ దగ్గరకి తేవడం ఎందుకు?"

లెక్కలమ్మ తల ఊపింది. దీపం వెలుగు సరిచేసుకుంది. కొత్తావిడ వెళ్లిపోయాక కూడా చాలాసేపు సీసా మూత తియ్యలేకపోయింది.