బస్సులో బర్రెదూడ

"ఆ బస్సుల నలుగుడెందుకు సుకన్యా? మన ఊర్లనే ఏదన్న చూస్త అని చెప్పిన గద" అన్నాడు రాజ్‌కుమార్, నేను అన్నం డబ్బాల మూతలు బిగిస్తుంటే. ఒకటి ఆయనకు, ఒకటి పాప అనూహ్యకు, ఒకటి నాకు, ఇంకొకటి మధ్యాహ్నం అత్తమ్మ వేడి చేసుకోవడానికి. ఆయన ఆ మాట ప్రేమగానే అన్నాడు. ఎల్లారెడ్డిలో మాకు ఎరువుల దుకాణం ఉంది. నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. పోవడానికి గంట పైన, రావడానికి గంట పైన. ప్రభుత్వం ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ చేశాక బస్సులో కాలు పెట్టే సందు లేదనీ, సాయంత్రం నేను వాడిపోయి వస్తున్నాననీ ఆయన బాధ. నేను "ఊ" అని, చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంటూ బస్టాండుకు పరుగెత్తాను.

బస్సు మా ఊళ్ళోనే బయలుదేరుతుంది కాబట్టి నాకు సీటు దొరుకుతుంది. పక్క సీటులో సంచీ పెట్టి ఉంచుతాను. లింగంపేటలో ఎస్తేర్ అక్క ఎక్కుతుంది. ఆమె కామారెడ్డిలో ఒక పిల్లల దవాఖానలో నర్సు. పోయిన వానాకాలంలో పరిచయమైంది. ఆ రోజు నిలబడ్డ ఒకాయన తనకు సీటు దొరకలేదన్న కోపంతో, "ఫ్రీ అనంగనే ఇంట్ల పనులన్ని ఇడిసిపెట్టి తిరుగుతున్నరు" అన్నాడు. బస్సులో ఆడవాళ్ళందరం తలలు దించుకున్నాం. కిటికీ పక్కనున్న ఒక్కామె మాత్రం ఒళ్ళో ఉన్న పని మీది నుంచి చూపు తిప్పకుండానే, "పనులన్ని చేసే వస్తున్నమన్నా. నువ్వేం పని చేసి వచ్చినవో అది చెప్పు" అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, వేరే దారి లేక. నేను ఆమె ఒళ్ళోకి చూశాను. బత్తాయి పండంత నారింజ రంగు ఊలు ఉండ, దాంట్లో ఒక సన్నటి కొక్కెం సూది.

"ఏందక్కా అది?"

"కుందేలు తలకాయ. చెవులు ఇంక రాలే."

సూది మందుకు ఏడ్చే పిల్లల చేతుల్లో పెట్టడానికి చేస్తుందట. యూట్యూబులో చూసి నేర్చుకుందట. నేను చూస్తూనే ఉండటం గమనించి, మర్నాడు నాకోసం ఇంకో సూది, ఒక ఊలు ఉండ తెచ్చింది. "చేస్తవా?" అని అడగలేదు. నా చేతిలో పెట్టేసింది.

మొదట దారాన్ని వేలికి ఉచ్చులా చుట్టాలి. ఆ ఉచ్చులో ఆరు కుట్లు వేసి, వదులుగా ఉన్న కొస లాగితే నడిమి బొక్క మూసుకుపోతుంది. బొమ్మకు అదే మొదలు. చెబితే ఇంతే. నా ఉచ్చు లాగితే మూసుకోలేదు, ఊడి వచ్చింది. ఊడింది మళ్ళీ చుట్టాను. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా సూది జారింది. తర్వాతి వరుసలో ఒక్కో కుట్టులో రెండేసి వేయాలని మరిచిపోయాను. గుండ్రంగా పరుచుకోవాల్సింది మూకుడులా ముడుచుకుంది. సిగ్గేసింది. ఏది తప్పినా నాకు ముందు సిగ్గే వస్తుంది. కూరలో ఉప్పు ఎక్కువైనా, ఫైలులో అంకె తప్పినా, ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేలోపే నేను నన్ను అనేసుకుంటాను. ఎస్తేర్ అక్క ఏమీ అనలేదు. "ఎక్కడ తప్పు పోయిందో అక్కడిదాక ఇప్పు. దారం ఏం ఖరాబు గాదు" అంది. వరుస ఎక్కడ మొదలైందో తెలియడానికి తన పైట పిన్నీసు తీసి ఆ కుట్టుకు పెట్టింది. ఇంత చిన్న విషయం. తప్పు చేస్తే ఇప్పుకోవచ్చు, మళ్ళీ అల్లుకోవచ్చు, ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. తాడ్వాయి ఎప్పుడు దాటిందో ఆ రోజు నేను చూడలేదు.

"నువ్వేం జేస్తవు? కుందేలా, ఎలుగుబంటా?" అని అడిగితే, నా నోటి నుంచి "బర్రెదూడ" అని వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. మా అమ్మగారిది నాగిరెడ్డిపేట. పోచారం ప్రాజెక్టు నీళ్ళ కింద వరి పొలం, ఇంట్లో బర్రెలు. బర్రెకు పెయ్యదూడ, అంటే ఆడదూడ, పుడితే మా బాపు భూమయ్య వాడంతా జున్ను పంచేవాడు. నా తర్వాత చెల్లె పుట్టిన రోజు మాత్రం పొయ్యి మీద ఎసరు కూడా పెట్టలేదని మా అమ్మ చెప్పేది. నేను ఆ దూడల మీద కోపం పెంచుకోవాల్సింది. పెంచుకోలేదు. వాటి మెడ కింది వెచ్చదనం, నాకితే గరుకుగా ఉండే నాలుక, నన్ను చూసి పలుపు లాక్కుంటూ వచ్చే ఆత్రం. ఆ ఇంట్లో నేను వస్తే ఎదురొచ్చింది అవే.

"నల్ల దారం వద్దు. కొత్తల కుట్లు కండ్లకు కనబడవు" అని అక్క బూడిద రంగు ఊలు తెచ్చింది. ఆ వారం నుంచి నా దూడ కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చింది. తల అయ్యాక పొట్ట, పొట్ట అయ్యాక కాళ్ళు. పాత మెత్తలోని దూది సంచీలో పెట్టుకొచ్చి, మూతి మూసేముందు వేలితో కూరేదాన్ని.

ఆఫీసులో నా కుర్చీ కంప్యూటరు ముందే ఉంటుంది. కానీ ప్రిన్సిపాల్ గదిలోకి ఎవరైనా పెద్దమనుషులు వస్తే, "సుకన్యా, చాయ్ సంగతి చూడమ్మా" అని పిలుపు వస్తుంది. మాకు అటెండరు భూమేశ్ ఉన్నాడు. ఒకసారి ఆ మాటే అన్నాను. "ఆడమనిషి చేతితోని ఇస్తే మర్యాదగ ఉంటదమ్మా" అన్నారు సార్, చాలా మర్యాదగా. ఇంట్లో కూడా ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అత్తమ్మ ప్రమీలమ్మ నోరు కాస్త కరుకు, అంతే. "తిన్నవా?" అని రాజ్‌కుమార్ రోజూ అడుగుతాడు, నేను ఆయనకు వడ్డిస్తున్నప్పుడు. అందరూ తిన్నాక గిన్నెలో ఎంత మిగిలిందో చూసి, నాకు ఎంత ఆకలి ఉందో తేల్చుకోవడం నాకు అలవాటైపోయింది. పొద్దున లేచిన దగ్గరి నుంచి నా పేరు వినపడుతూనే ఉంటుంది. సుకన్యా తువ్వాల, అమ్మా జడ, ఏమే పిల్లా నీళ్ళు. నేను చేసే పనేదీ మర్నాటికి మిగలదు. తోమిన గిన్నె అంటు పడుతుంది, ఉతికిన చొక్కా మాసిపోతుంది. బస్సెక్కాక ఒక్కరూ పిలవరు. నిన్న అల్లిన కాలు ఇవాళ సంచీలో చేయి పెడితే అట్లాగే ఉంటుంది. ఆ కాలును తడిమినప్పుడల్లా నాకు ఏడుపు లాంటిది వచ్చేది. దుఃఖం కాదు. పేరు తెలియదు.

అందుకే, శుక్రవారం సాయంత్రం రాజ్‌కుమార్ మిఠాయి డబ్బాతో వచ్చి, "పని అయిపోయింది! దేవయ్య సారు బడిల క్లర్కు నౌకరి. మనింటి నుంచి నడిచిపోవచ్చు" అన్నప్పుడు నా చేయి ముందు సంచీలోని దూడ మీదికి పోయింది. దేవయ్య సారు మా దుకాణానికి పాత గిరాకీ, ఊళ్ళో ప్రైవేటు బడి నడుపుతాడు. "పగటి పూట ఇంటికి రావచ్చు, అమ్మకు వేడిగ అన్నం పెట్టచ్చు, పాపను తోలుకరావచ్చు. నువ్వు సుఖపడుతవు" అన్నాడు. ఆ సుఖంలో ఉన్న పనులన్నీ నావే. అయినా ఆయన ముఖం ఎంత వెలిగిపోతోందంటే, నేను పేడా ముక్క నోట్లో పెట్టుకుని నవ్వాను.

మర్నాడు బస్సులో ఎస్తేర్ అక్కకు చెప్పాను. ఆమె సూది ఆపింది. "మంచిదే గద సుకన్యా. నాకు గట్ల దొరికితే ఎగిరి దుంకుదును" అంది. ఆమెకైనా అర్థమవుతుందనుకున్నాను. చాలాసేపటికి, మళ్ళీ అల్లుతూ, "మరి నా పక్కన ఎవరు కూసుంటరు?" అని మెల్లగా అంది. దిగేముందు నా అరచేతిలో రెండు నల్ల పూసలు పెట్టింది. దూడకు కళ్ళు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ నిద్రపోతున్నారని వసారాలో కూర్చుని దూడకు చెవులు కుడుతున్నాను. వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"బర్రెదూడకు చెవ్వులు గట్ల నిక్కవు."

ఉలిక్కిపడ్డాను. ఆమె పక్కన కూర్చుని దూడను చేతిలోకి తీసుకుంది. తిప్పి తిప్పి చూసింది. పొలంలో బతికిన ఆ చేతులు ఊలును ఎంత సున్నితంగా పట్టుకున్నాయో.

"ఇది పెయ్యనా?"

"పెయ్యనే అత్తమ్మా."

"చెవ్వులు పక్కకు వాలాలె. గిట్ల." తన రెండు అరచేతులు చెంపల పక్కన పెట్టి వాల్చి చూపించింది. నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. నేను కుట్టు ఇప్పి చెవులు వాల్చి కుట్టాను. నిజమే, అప్పటిదాకా కుక్కపిల్లలా ఉన్నది ఒక్కసారిగా దూడ అయిపోయింది.

"ఎప్పుడు జేసినవే? ఇంట్ల నీ చెయ్యి ఖాళీ ఉన్నది నేను ఎన్నడు చూడలే."

"బస్సుల చేసిన."

దూడను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం చాయ్ తాగుతూ రాజ్‌కుమార్ అన్నాడు. "రేపు సర్టిఫికెట్లు పట్టుకో. ఇద్దరం దేవయ్య సారు దగ్గరికి పోదాం."

"నేను రాను."

"రేపు కుదరదా? ఎల్లుండి పోదాం."

"ఎల్లుండి గూడ రాను. నేను ఈ నౌకరి మారను."

"ఎందుకు?"

నా దగ్గర అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. కాలేజీలో పర్మినెంటు చేస్తామన్నారని చెప్పొచ్చు. పరీక్షల కాలం, మధ్యలో వదిలితే బాగుండదని చెప్పొచ్చు. ఏది చెప్పినా ఆయన ఒప్పుకునేవాడు. కానీ ఆ దూడ కోసం నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు, దాన్ని దాచుకోవడం తప్ప. ఇక దాచడం కూడా చాలనిపించింది.

"బస్సుల కూసుంటే నన్ను ఎవ్వరు పిలువరు. ఇంట్ల పిలుస్తరు, ఆఫీసుల పిలుస్తరు. నడుమ ఆ గంట నాకు కావాలె."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "కూసునుడే కావాలంటే ఇంట్లనే కూసో. ఎవరు వద్దన్నరు నిన్ను?" అన్నాడు. నిజంగా అర్థం కాకనే అన్నాడు. అంటూనే గ్లాసు నా వైపు చాచాడు. "దీంట్ల జర చక్కెర వెయ్యి."

నేను లేవలేదు.

గ్లాసు గాలిలో కాసేపు అట్లాగే ఉంది. ఆయన గ్లాసును చూశాడు, నన్ను చూశాడు, వాళ్ళమ్మను చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. లేచి వంటింట్లోకి పోయాడు. ఒక్కో డబ్బా మూత తీసి పెడుతున్న చప్పుడు వినిపించింది. చక్కెర ఎక్కడుందో నేను చెప్పలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి చెప్పకుండా ఉండటం. పెదవి కొరుక్కుని కూర్చున్నాను. కాసేపటికి చప్పుడు ఆగింది. ఆయన బయటికి వచ్చి చాయ్ తాగాడు. చక్కెర దొరికిందో లేదో అడగలేదు. అత్తమ్మ నావైపు చూడకుండా లేచి లోపలికి పోయింది. ఆమెకు కోపం వచ్చిందనే అనుకున్నాను. వేడి అన్నం పోయింది ఆమెకే కదా.

సోమవారం పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే అత్తమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఆధార్ కార్డు పైట కొంగులో ముడేసుకుని గడపలో నిలబడి ఉంది.

"ఎటు అమ్మా?" అన్నాడు రాజ్‌కుమార్.

"సుకన్యతోని కామారెడ్డి దాక. దాన్ని దించి మర్లొస్త."

"పనేంది అక్కడ?"

"పని లేదు. పొయ్యి మీద అన్నం ఉన్నది, తిని పో."

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరమ్మ వచ్చి, "దవాఖానకా అవ్వా?" అని అడిగితే, "దవాఖాన గాదు, పెండ్లి గాదు బిడ్డా. ఊకెనే" అంది. లింగంపేటలో ఎస్తేర్ అక్క ఎక్కి, ముగ్గురి సీటులో మా పక్కన సర్దుకుంది. దూడ చెవులు చూసి, "ఇవి ఎవరు సరిచేసిండ్రు?" అంటే అత్తమ్మ గర్వంగా కిటికీ వైపు తిరిగింది.

కొంచెం దూరం పోయాక ఆమె నోరు విప్పింది. "పెండ్లయిన కొత్తల బట్టలు పట్టుకొని కాల్వకు వోయేదాన్ని. ఉతుకుడు దబ్బున అయిపోయేది. నేను దబ్బున ఇంటికి రాకపోయేది. గంత సేపు ఏం జేసినవే అని మా అత్త తిట్టేది. ఏం జేసిన? నీళ్ళల్ల కాళ్ళు వెట్టి కూసున్న. ఇన్నేండ్లల్ల ఎవ్వలకు చెప్పలే."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. అలవాటు కొద్దీ ఆమెకు నీళ్ళ సీసా అందించాను, కిటికీ గాలి ఎక్కువైందేమోనని అద్దం జరపబోయాను, "అత్తమ్మా, తాడ్వాయి వస్తున్నది, చూడు" అన్నాను.

ఆమె నా చేతిని తీసి నా ఒళ్ళోనే పెట్టింది.

"నాకు ఏం జెప్పకు పిల్లా. నీ గంట నువ్వు జూస్కో. నా గంట నన్ను జూస్కోనియ్యి."