మ్యాటు కింద తుప్పు

వ్యానులోని ఫ్రిజ్ తలుపు తీయగానే భరణికి కుళ్లు వాసన కొట్టింది. కళింగపట్నం బీచికి వెళ్లిన రోజు లోపల పెట్టి మరిచిపోయిన పెరుగు గిన్నె అది. నల్లటి బూజు, ఆ బూజులో కదులుతున్న తెల్లటి పురుగులు. పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గిన్నెతో సహా తీసుకెళ్లి పారేసింది.

విజయనగరంలో వాళ్ల ప్లాస్టిక్ సామాన్ల కొట్టు వెనక ఖాళీ స్థలంలో ఉంది ఆ పాత వ్యాను. లోపల పడుకునే బల్ల, సింకు, గ్యాస్ ఫ్రిజ్. ఎవరో విదేశీయులు దేశమంతా తిరిగి వదిలేసిపోయిన బండి. కొత్తవలసలో ఉండే మురళీమోహన్, భరణి భర్త త్రినాథ్‌కి మేనమామ కొడుకు, దాన్ని కొన్నాళ్లు వాడుకుని, "రాయినాంటి బండిరా" అని వీళ్లకి అమ్మాడు. పిల్లలతో ఒక్కసారి బీచికి వెళ్లొచ్చేసరికే అందరికీ మోజు తీరిపోయింది.

"ఫ్రిజ్ బాగుచేసి బండి అరుణశ్రీకి అమ్మేద్దాం," అన్నాడు త్రినాథ్. పొందూరు దగ్గర రైతుల ఇంటి కోడలు అరుణశ్రీ. బీచిలో మజ్జిగ అమ్ముతూ, గ్లాసులు వీళ్ల కొట్లోనే కొంటుంది. మజ్జిగ చల్లగా ఉంటుందని, రాత్రి అందులోనే పడుకోవచ్చని వ్యాను మీద ఆమెకి ఆశ ఉంది.

ఆదివారం గ్యాస్ కట్టేసి, ఇద్దరూ కలిసి ఫ్రిజ్‌ని బయటికి లాగారు. వెనక మసి, బొద్దింకల రెట్టలు, ఎండిపోయిన ఎలుక.

"దీనికి మోటారుండదు. ఈ చిన్న మంట మండితేనే లోపల సల్లబడతాది. కందిరీగలు మట్టెట్టి మూసేసేయి, సూడు," అని బర్నర్ చూపించాడు త్రినాథ్. స్పిరిట్‌లో నానబెట్టి ఊదాడు. పొగగొట్టంలో మసి దులిపాడు. గొట్టాల అతుకులకి సబ్బు నురగ రాసి, బుడగలు రావడం లేదని చూసుకుని వెలిగించాడు. నీలిమంట నిటారుగా నిలబడింది. సాయంత్రానికి లోపల పెట్టిన నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లబడ్డాయి. త్రినాథ్ ముఖం వెలిగిపోయింది.

ఈలోగా భరణి ఫ్రిజ్ ఉన్న చోటు తుడుస్తోంది. మోకాలి కింద నేల మెత్తగా కుంగింది. మ్యాటు ఎత్తింది. కింద తారు పూసిన గోనె, దాని కింద తడిసి ముద్దయిన పేపర్లు, వాటి మధ్య చుట్టలు చుట్టుకున్న రోకలిబండ పురుగులు. గోనె లాగితే ఇనుము పొరలు పొరలుగా ఊడి వచ్చింది. స్క్రూడ్రైవరు ఆనించిందో లేదో, దిగిపోయింది. ఆ చిల్లులోంచి కింద గడ్డి కనబడింది.

త్రినాథ్ బండి కిందికి దూరాడు. అడుగు దూలాలకి కూడా లప్పం పెట్టి పైన రంగేశారు. లేచి, దుమ్ము చేతుల్తోనే మురళీమోహన్‌కి ఫోన్ చేశాడు.

"పాత బండికి తుప్పుండదేటిరా?" అవతల మురళీమోహన్ నవ్వాడు. "నాకూ అలగే అమ్మేరు. నువ్వూ మ్యాటేసి ఎవలికో ఇచ్చీ."

పురుగుల్ని చూసినప్పటికంటే ఆ నవ్వు విన్నప్పుడు ఎక్కువ అసహ్యమేసింది భరణికి.

త్రినాథ్ తిట్టి ఫోన్ పెట్టేశాడు. కానీ మర్నాడు భరణి టీ తీసుకెళ్లేసరికి లప్పం కలుపుతున్నాడు. పక్కన కొత్త మ్యాటు.

"ఏటండీ ఇది?"

"మరేటి సెయ్యమంటావు? మనవే మునిగిపోవాలేటి?"

"అరుణశ్రీ అత్తగారితో కలిసి అందులోనే పడుకుంటాది కదండీ."

"నువ్వు నోరు మూసుకో."

ఆ రాత్రి అతను అన్నం కలుపుతుంటే గోళ్లలో తారు కనబడింది. భరణి తన కంచం తీసుకుని లేచిపోయింది.

మర్నాడు పొద్దున్నే అరుణశ్రీ బండి చూడ్డానికి వచ్చింది. ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి, "ఎంత సల్లగున్నాదో అక్కా!" అని మురిసిపోయింది.

"రాయినాంటి బండమ్మా," అన్నాడు త్రినాథ్.

భరణి వంగి మ్యాటు అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఆరీ ఆరని లప్పం మీద మడమతో తన్నింది. కాలు పిక్క దాకా దిగిపోయింది.

"సూడమ్మా. కింద ఇలగున్నాది."

అరుణశ్రీ ఆమెని పట్టుకుని పైకి లాగింది. తర్వాత త్రినాథ్ వైపు తిరిగింది. "మిమ్మల్ని నమ్మి వచ్చేను కదన్నా," అని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. త్రినాథ్ భార్య కాలి మీద కారుతున్న రక్తం చూశాడు.

చివరికి బండిని తుక్కుకి ఇచ్చేశారు. తుక్కువాళ్లు గ్యాస్ కట్టర్‌తో దాన్ని కోసినప్పుడు డ్రైవరు సీటు దానంతటదే పక్కకి ఒరిగింది. బోల్టులు పట్టుకోవడానికి అక్కడ ఇనుమే లేదు.

"ఇందులో మన పిల్లల్ని ఎక్కించుకుని ఎనభై స్పీడులో తోలేను," అన్నాడు త్రినాథ్.

"ఇంకొకళ్లనీ ఎక్కించబోయేరు," అంది భరణి.

అతను మర్నాడు ఆటోలో ఫ్రిజ్ వేసుకుని పొందూరు వెళ్లాడు. జరిగిందంతా తన అత్తగారి ముందే అతని చేత చెప్పించి, ప్రతి అతుకూ సబ్బు నురగతో తన ఎదుట పరీక్ష చేయించుకున్నాకే అరుణశ్రీ దాన్ని లోపలికి రానిచ్చిందట.

మురళీమోహన్ ఇంటికి ఆ తర్వాత వీళ్లెవరూ వెళ్లలేదు. త్రినాథ్‌కి ఎదురుగా కూర్చుని అన్నం తినడానికి మాత్రం భరణికి చాలా రోజులు పట్టింది.