ఎక్కడికీ పోని ఆడవాళ్లు

ఋతుజ చేసే కొలువేమిటో తల్లి సుందరాబాయికి చాన్నాళ్లు అర్థం కాలేదు. సోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక, తెలుగువాళ్ల నేతవాడలో బీడీలు చుట్టి బిడ్డను ఇంజనీరింగ్ చదివించింది. ఆ బిడ్డ ఇప్పుడు, "ఇరవై ఏండ్లకు సోలాపూర్‌ల ఎన్ని కార్లుంటయి, జనం ఎటు పోతరు, గది ముందే చెప్పుడు నా పని" అంటే, "జోస్యమా ఏందే?" అని నవ్వేది.

ఒక శుక్రవారం ఋతుజ ఫారాలు పట్టుకుని సొంత వాడకే వచ్చింది. నిన్న ఎవరెవరు ఎక్కడికి, దేనిమీద వెళ్లారో ఇంటింటా రాసుకోవాలి. సుందరాబాయి తోడు వెళ్లింది. మొదటి ఇంట్లో చద్దర్లు నేసే పెంటప్ప తన సంగతి చెప్పాడు. అతని భార్య సరోజ మాత్రం, "నేనేడ పోత? ఇంట్లనే ఉంట" అంది. ఋతుజ సున్నా వేసింది.

సుందరాబాయికి చిర్రెత్తింది. "అగో! నిన్న బీడీలియ్య కార్ఖానకు నాతోని ఎవరొచ్చిండ్రు సరోజా? మనుమడిని దవాఖానకు ఎవరు తీస్కపోయిండ్రు?"

"గది పోవుడా అక్కా? నడిచే పోతిమి గద!"

"నడిస్తే పోవుడు గాదా?"

ఋతుజ ఫారం మళ్లీ తెరిచింది. సున్నా కొట్టేసి, పోను రాను కలిపి నాలుగు వేసింది.

అక్కణ్నించి ప్రతి గడపలోనూ సుందరాబాయే అడిగింది. మూడు రోజుల్లో నలభై ఇళ్లు పూర్తయ్యాయి.

వారం తర్వాత నగర రవాణా ఆఫీసులో సమావేశం. ఇంటింటా అడిగింది ఆమే కనక, ఋతుజ తల్లిని కూడా తీసుకెళ్లింది. పెద్ద ఇంజనీరు గోడమీది ఊరి పటం చూపిస్తూ, బండి లేని ఇళ్లవాళ్లు పెద్దగా తిరగరనీ, కార్లకోసం రోడ్లు వెడల్పు చేస్తే చాలుననీ మరాఠీలో చెప్పాడు. ఋతుజ లేచింది. "సర్, మా వాడలో నలభై ఇళ్లలో యాభై ముగ్గురు ఆడవాళ్లు రోజూ పొద్దున పదింటి లోపలే నడిచి పనికి పోతున్నారు. మన అంచనాలో వాళ్లలో ఒక్కరూ లేరు."

"బస్సుంటే ఎక్కుతారా?" అన్నాడాయన.

"ఎక్కమా సాహెబ్? బీడీ ఆకు మూటతోని నడిచి మోకాళ్లరిగిపాయె" అంది సుందరాబాయి తన మరాఠీలో.

ఆయన చాలాసేపు ఫారాలు తిరగేశాడు. నేతవాడలన్నిటా సర్వే మళ్లీ జరగాలనీ, ఆడవాళ్లను విడిగా అడగాలనీ చెప్పాడు. ఎలా అడగాలో కుర్ర ఉద్యోగులకు సుందరాబాయే వచ్చి నేర్పింది. ఇస్త్రీ చీర కట్టుకుని, బీడీలు చుట్టే వేళ్లతో ఒక్కో ప్రశ్నా లెక్కపెట్టి మరీ చెప్పింది.

కొత్త అంచనాలో కార్లు తగ్గలేదు కానీ, పొద్దుటిపూట బస్సుల అవసరం రెట్టింపైంది. నేతవాడల నుంచి కార్ఖానల దాకా మూడు బస్సులు నడపాలని నివేదికలో రాశారు. అవి ఇంకా రాలేదు. కాని, సర్వే నేర్పినవారి పేర్లలో 'సుందరాబాయి, బీడీ కార్మికురాలు' అని అచ్చయింది. ఋతుజ ఆ వరస చదివి వినిపిస్తే, ఆమె రెండోసారి చదవమంది. మర్నాడు ఆ కాగితం కొంగున కట్టుకుని కార్ఖానకు వెళ్లి, బీడీలిచ్చే వరసలో నిలబడ్డ ప్రతి ఆడమనిషికీ విప్పి చూపించింది.