పై అంతస్తు చేప

ఆ చేప మా ఇంట్లోకి ఎర్ర బకెట్లో వచ్చింది. బకెట్ పై అంతస్తు వాళ్ళది. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది. కానీ చేప కావాలని కబురు పెట్టింది నేనే కాబట్టి నోరు మూసుకుని తలుపు తీశాను.

పై అంతస్తులో మా మరిది, అతని భార్య ఉంటారు. ఆవిడ వరసకి నాకు తోడికోడలు. నేను మాత్రం ఇంట్లో, మా ఆయన దగ్గర, నంగనాచి అంటాను. మా ఇద్దరికీ మాటలు లేవు. కారణం వింటే చిన్నదనిపిస్తుంది గానీ చిన్నది కాదు. ఒకసారి మా అత్తగారి వైపు వాళ్ళంతా కూర్చుని ఉండగా, కళ్ళు నేలకేసి పెట్టుకుని, మెత్తగా, "అక్క చేపలకి పెట్టినంత శ్రద్ధగా బావగారికి పెడితే ఆయన ఇంకాస్త ఒళ్ళు చేసేవారు" అంది. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. ఆ మాట చుట్టాల ఇళ్ళన్నీ తిరిగి, తిరిగిన చోటల్లా ఉప్పూకారం అద్దుకుని, ఆఖరికి నేను మొగుణ్ణి పస్తులు పెట్టి చేపలకి రొయ్యలు మేపే మనిషినని తేలింది. ఇంతా అన్న మనిషి ఏడాది తిరక్కుండా తనూ ఒక ఉప్పునీటి తొట్టి కొనుక్కుంది. నా తొట్టి కన్నా జానెడు పొడవు.

నా తొట్టి సంగతి చెప్పాలి. ఈ ఇంట్లో మంచాలు అత్తగారివి. బీరువా ఆవిడ చెల్లెలిది. గోడ గడియారం మామగారి ఆఫీసు వాళ్ళిచ్చింది. ఎప్పుడు ఏ వస్తువు జరిపినా ఎవరో ఒకరి మొహం మాడిపోతుంది. తొట్టి ఒక్కటే నాది. అందులో పగడం ఉంది. నగల షాపులో ఉండే ఎర్రపూస కాదు, ప్రాణమున్నది, సముద్రపు నీళ్ళలో పెరిగేది. రెండే తలలతో తెచ్చాను. ఒక్కొక్క తలా రెండవుతూ, అవి నాలుగవుతూ, క్యాబేజీ అంత గుబురైంది. లేత ఆకుపచ్చ రంగు, కొసలు చిన్న చిన్న సుత్తుల్లా ఉంటాయి, నీటి వాలుకి ఊగుతుంటాయి. రక్తపరీక్షల ల్యాబులో పగలంతా జనం చేతులకి సూదులు గుచ్చి, వాళ్ళ సణుగుళ్ళు విని, ఇంటికొచ్చి దాని ముందు కూర్చుంటే మనుషుల మీద నా విరక్తి కాస్త తగ్గేది. అది పోతే ఈ ఇంట్లో నాదంటూ ఏమీ మిగలదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇక్కడ అంటున్నాను.

దానికే వచ్చిపడింది పీడ. షాపులో కొన్న ఒక రాయి సందులో గోధుమరంగు గొట్టం లాంటిది, చిటికెనవేలి గోరంత, చుట్టూ సన్నటి మీసాలతో కనిపించింది. మొదట ముచ్చటేసింది కూడా. షాపతను ఏదో నోరు తిరగని పేరు చెప్పి, "మేడమ్, అది ప్రాణమున్న కలుపు, వెంటనే తీసెయ్యండి" అన్నాడు. నేను ఇంకా ఆలోచిస్తుండగానే పగడం మొదలు దగ్గర మరొకటి లేచింది. దాని మీసం తగిలిన చోట పగడం తల ముడుచుకుపోయింది, తర్వాత చీమిడిలా కరిగి జారిపోయింది. కింద తెల్లటి ఎముక మిగిలింది.

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. కూరలు తరిగే చాకు తీసుకుని, చెయ్యి భుజం దాకా నీళ్ళలో పెట్టి, కనిపించిన ప్రతిదాన్నీ గీకిపారేశాను. గీకుతున్నంతసేపూ తిట్టాను. మా ఆయన హాల్లోంచి, "ఎవరినే తిడుతున్నావ్?" అని అడిగారు కూడా. పని అయ్యాక చెయ్యి తుడుచుకుంటూ ఉంటే గుండె మీంచి బరువు దిగినట్టనిపించింది.

అది ఎంత తెలివితక్కువ పనో కొన్నాళ్ళకి తెలిసింది. దాన్ని ముక్కలు చేస్తే చావదు. ప్రతి ముక్కా నీళ్ళలో కొట్టుకుపోయి ఎక్కడో ఒకచోట అంటుకుని, మళ్ళీ మీసాలతో లేస్తుంది. నేను గీకింది గుప్పెడైతే లేచింది తొట్టెడు. రాళ్ళ మీద, అద్దం మీద, పంపు గొట్టం మీద. సంగతి విని షాపతను నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ రోజు నుంచి అతనంటే కూడా నాకు పడదు.

అసలు పద్ధతి వేరట. సున్నం ముద్దని సిరంజిలో నింపుకోవాలి. పంపు ఆపాలి. దాని మీద నీడ పడకూడదు, పడితే సందులోకి ముడుచుకుపోతుంది. ముందు రొయ్య నీళ్ళు ఒక చుక్క వదలాలి. తిండి వచ్చిందనుకుని అది నోరు తెరిచాక, ముట్టుకోకుండా, మెల్లగా, ఆ నోట్లోనే సున్నం పెట్టాలి. భోజనానికి పిలిచి విషం పెట్టడమన్నమాట. ఈ పనికి నంగనాచి లాంటి వాళ్ళు కావాలి. నాకు ఏదైనా మొహం మీదే అనడం అలవాటు.

ల్యాబులో ఎంత సన్నటి నరమైనా ఒక్క పోటుతో దొరకబుచ్చుకుంటానని నాకు పేరు. ఇక్కడ ఆ పేరు గంగలో కలిసింది. అది నోరు తెరవగానే, చిక్కావే అనుకుంటూ సిరంజి గట్టిగా నొక్కేసేదాన్ని. అది చటుక్కున మూసుకునేది. సున్నం పొగలా లేచి పగడం మీద పడేది. అలా నా చేత్తో నేనే ఇంకో రెండు తలల్ని కాల్చుకున్నాను. ఆ సాయంత్రం వంట చెయ్యలేదు. మా ఆయన బయట తినొచ్చారు, ఒక్క మాట అనకుండా. అనకపోవడం ఇంకా మండించింది.

"ఇక చేప ఒక్కటే దారి మేడమ్," అన్నాడు షాపతను. "పొడుగు ముక్కు చేప. ఆ కలుపంటే దానికి ప్రాణం, ఏరుకుని తింటుంది. నా దగ్గర లేదు. మీ పై ఇంట్లోనే ఉందిగా?"

అలా మా ఆయన రాయబారం వెళ్ళారు. నేను మెట్టు దిగానని పైవాళ్ళకి తెలియకుండా అడగమన్నాను. ఎలా అడిగారో ఏమో, మర్నాడే బకెట్ దిగింది. అంత సులువుగా ఇవ్వడమే నాకు నచ్చలేదు.

"ఏమంది?" అన్నాను.

"ఏమీ అనలేదు. జాగ్రత్తగా చూసుకోమంది. అంతే."

"అంతేనా? మొహం ఎలా పెట్టింది?"

"మొహంలాగే పెట్టింది," అన్నారు మా ఆయన.

చేప మాత్రం అందగత్తె. తెలుపు మీద పసుపు పట్టీలు, వీపు మీద పెద్ద నల్లచుక్క, పట్టకారులాంటి సన్నటి ముక్కు. వచ్చిన మొదటి రోజు ఓ మూల నిలబడింది. రెండో రోజు రాళ్ళ సందుల్లో ముక్కు పెట్టి, ఒక కన్నుతో అటూ ఒక కన్నుతో ఇటూ చూసి, టక్కున లాగింది. ఒకటి పోయింది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇంకోటి. ఇంకోటి. ఎవరైనా నా శత్రువుని నమిలి మింగుతుంటే చూడడం అంత హాయిగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు. ల్యాబులో కూడా ఆ వారం ఎవరినీ కసురుకోలేదట, తోటివాళ్ళు చెప్పుకున్నారు.

రాళ్ళు శుభ్రమయ్యాయి. పగడం మొదలు శుభ్రమైంది. మిగిలినవి తొట్టి వెనకాల, నీళ్ళు వడకట్టే అరలో ఉన్నవే. అక్కడికి చేప వెళ్ళలేదు. ఆదివారం ఆ అరలోని రాళ్ళు బయటికి తీసి మరిగే నీళ్ళు పోసి, ఈ జాతిని మా ఇంట్లోంచి తుడిచిపెడదామని నిర్ణయించుకున్నాను.

కానీ చేప చిక్కిపోవడం మొదలెట్టింది. తల వెనక సొట్ట పడింది, పొట్ట లోపలికి పోయింది. రొయ్య తరిగి వేశాను, ముట్టలేదు. పురుగులు వేశాను, నోట్లోకి లాక్కుని ఉమ్మేసింది. శనివారం పొద్దున కాఫీ తాగుతూ చూస్తున్నాను, అది పగడం దగ్గరకెళ్ళి, ఆకుపచ్చ కొసని ఒకదాన్ని పట్టుకుని లాగింది. పగడం మొత్తం ముడుచుకుపోయింది. చేప మళ్ళీ వచ్చి ఇంకో కొస లాగింది.

చేపని తీసుకుపొమ్మని చెప్పడానికి మా ఆయన్ని పైకి తరిమాను. ఆయన దిగొచ్చి నీళ్ళు నమిలారు. "ఇంకొన్నాళ్ళు ఉంచుకోమంటోంది," అన్నారు.

అప్పుడు నాకు అంతా అర్థమైందనుకున్నాను. అంత సులువుగా ఎందుకిచ్చిందో, ఇప్పుడెందుకు వద్దంటోందో. నా పగడం తినెయ్యడానికే పంపింది. చేపని వలతో పట్టి, వాళ్ళ ఎర్ర బకెట్లోనే వేసి, మెట్ల మీద నీళ్ళు ఒలుకుతున్నా ఆగకుండా పైకెళ్ళాను. తలుపు కాలితో తన్నాను. రెండు చేతులూ బకెట్‌కి సరిపోయాయి మరి.

నంగనాచి తలుపు తీసింది. చేతులు మోచేతుల దాకా తడి. మోచేతి మడతలో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది, నాకు ఉండే చోటే.

"నీ చేప," అన్నాను. "నా పగడం మీదికి ఉసిగొల్పావుగా. తీసుకో."

ఆవిడ బకెట్లోకి చూసింది. మొహం పాలిపోయింది. "ఇంతలా చిక్కిందా," అంది. నా మాట విననే లేదు.

లోపలికి వెళ్ళక తప్పలేదు. ఆవిడ తొట్టి ముందు బల్ల మీద ఆల్చిప్పలు, తరిగిన రొయ్య, ఐసు ముక్కల్లో గడ్డకట్టిన పురుగులు. కిటికీ గట్టు మీద గాజు సీసాలు వరసగా, అన్నీ ఖాళీ. తొట్టిలో ఒక్క కలుపు కూడా లేదు, అద్దంలా ఉంది.

"అవి తప్ప ఇంకేదీ తినదక్కా," అంది. "నా తొట్టిలోవి అయిపోయాయి. సీసాల్లో పెంచి పెట్టాను, అవీ అయిపోయాయి. ఎన్ని పెట్టినా ముట్టదు. చచ్చిపోతుందనుకుంటుంటే బావగారు వచ్చి అడిగారు. మీ ఇంట్లో అయితే దాని కడుపు నిండుతుందని పంపాను."

"అంటే నా తొట్టి నీ చేపకి మేత బీడా?"

"మీరు పిలిచింది మాత్రం కలుపు తీసే కూలినే కదా. అది ఏం తింటుంది, ఎలా ఉంటుంది అని ఒక్కసారైనా అడిగించారా?"

ఆవిడ కళ్ళు ఈసారి నేలకేసి లేవు, సూటిగా నా మొహంలోకే చూస్తోంది.

"ఇక్కడుంటే ఇది పోతుంది," అంది.

"కిందుంటే నా పగడం పోతుంది."

"అయితే వదిలేసి వెళ్ళండి. పోతే పోతుంది. ఎవరింట్లో చిక్కిందో నేను చెప్పక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది."

చెప్తుంది. మెత్తగా చెప్తుంది. మొన్నటిదాకా మొగుణ్ణి పస్తు పెట్టిన మనిషిని, రేపట్నుంచి చేపని కూడా. చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది. కానీ ఆవిడ అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని, గొట్టంతో తొట్టి నీళ్ళు బకెట్లోకి చుక్క చుక్కగా వదులుతోంది. బకెట్లో చేప ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ నిలబడడానికి తంటాలు పడుతోంది. ఆవిడ ముక్కు ఎగపీల్చింది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

మర్నాడు ఆదివారం. పెద్ద గిన్నెతో నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. తొట్టి వెనక అర మూత తీసి, రాళ్ళు ఒక్కొక్కటే పళ్ళెంలోకి తీశాను. ఎండ తెలియని చోట పెరిగినవి, పాలిపోయి, మీసాలు లోపలికి లాక్కుని, జిగురు బొట్లలా అంటుకుని ఉన్నాయి. నా పగడాన్ని తిన్న జాతిలో మిగిలినవి అంతే. నీళ్ళు తెర్లుతున్నాయి. తొట్టిలో పగడం నిన్నటి దెబ్బ నుంచి తేరుకుని, మిగిలిన తలలతో మెల్లగా విచ్చుకుంటోంది.

ఆ చేప బకెట్లో ఒరిగిన తీరు కళ్ళలోంచి పోలేదు. ఆవిడ మీద కోపం కూడా ఒక్క వీసమెత్తు తగ్గలేదు. పొయ్యి కట్టేశాను.

నాలుగు పచ్చడి సీసాలు కడిగి తొట్టి నీళ్ళతో నింపాను. రాళ్ళన్నీ, ఒక్కటి తప్ప, మూడు సీసాల్లో సర్ది మా ఆయన చేతికిచ్చాను.

"పైన ఇచ్చి రండి. ఇవి ఇప్పటికి. వాటిలో అప్పుడప్పుడూ రొయ్య నీళ్ళు వెయ్యమనండి. సీసాలు కడిగి పంపమనండి. నాకూ ఆవిడకీ మాటలు లేవని కూడా చెప్పండి."

"అది తనకి తెలుసుగా," అన్నారు మా ఆయన.

"అయినా చెప్పండి."

ఆయన గుమ్మం దగ్గర ఆగి, నేను కూరల చాకు తియ్యడం చూసి, "ఏం చేస్తున్నావ్?" అన్నారు.

"వంట. చేపకి."

ఆయన సీసాలు పట్టుకుని మెట్లెక్కారు.

మిగిలిన రాయిని పళ్ళెంలో పెట్టుకుని, దాని మీదున్న అన్నిటికన్నా పెద్దదాన్ని వేళ్ళతో పట్టుకున్నాను. అదే చాకు, అదే చెయ్యి. ఈసారి కోపం లేదని చెప్పను, కోపంతోనే కోశాను. కాకపోతే చిన్న చిన్న ముక్కలుగా, చాలా జాగ్రత్తగా, ఒక్కటి కూడా చావకుండా కోసి నాలుగో సీసాలో వేశాను.