పన్నెండో రేకు

అరకు కొండల్లోని ఆశ్రమ పాఠశాలలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు ముందు భాను కూర్చుంది. ఆమె కొట్టిన ఆజ్ఞల ప్రకారం తెర మీది తాబేలు బొమ్మ రేకుకొకటిగా ఎర్రగా, పచ్చగా చతురస్రాలు గీస్తూ గుండ్రంగా తిరిగింది. పదకొండు రేకుల పువ్వు విచ్చుకుంది. పన్నెండోది ఉండాల్సినచోట ఖాళీ మిగిలింది.

"ఏటే గుంటా, పన్నెండుసార్లని సెప్పాను గదా! ఒకటి మింగేసినావేటి?" అన్నారు దేవీప్రసాద్ మాస్టారు.

"మింగలేదు సార్. మా అవ్వ గోడ మీద పువ్వు ఇలాగే ఏసీది. ఒక రేకు ఒదిలేసీది. అమ్మోరు లోపలికొచ్చే దోవంట."

దిద్దబోయిన మాస్టారి చెయ్యి ఆగింది. "ఆ గోడ సూపిస్తావేటి?"

"అవ్వ సచ్చిపోయాక నెలకే వానకి కూలిపోనాది సార్. ఆ పువ్వు ఇంకెక్కడా లేదు."

మాస్టారు ఆ పువ్వును దిద్దకుండా అలాగే ఉంచేశారు. తర్వాత, బొమ్మను కంప్యూటరులో దాచడానికి ఏ పేరు పెట్టమంటావని అడిగారు. భాను అవ్వ పేరు చెప్పింది. సోములమ్మ అని ఆయన ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే కొట్టారు. ఆ పాత కంప్యూటరు ఎనిమిది అక్షరాలకే ఒప్పుకుంది. తొమ్మిదోది మిగిలిపోయింది.

"సివరక్షరం పట్టలేదే," అన్నారు నొచ్చుకుంటూ.

"ఉండనీండి సార్," అంది భాను, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "అవ్వకీ దోవ కావాల గదా."